ఛత్రపూర్ గెడ్డలో మీసం లేని చేప

వాసన

ఈ ఉద్యోగంలో చేరబోయేవాళ్లకి నేను ముందుగా చెప్పవలసింది వాసన గురించి. చేపల వాసన కాదు, దానికి ముక్కు వారంలో అలవాటు పడిపోతుంది. చచ్చినవాటిని కుళ్లకుండా నిలవ ఉంచే ఫార్మలిన్ వాసన. అది చొక్కాలోకి, జుట్టులోకి, ఆఖరికి పెళ్లి సంబంధాల్లోకి కూడా వెళ్తుంది. పిల్లనిద్దామని మా ఇంటికి వచ్చిన ఒక పెద్దమనిషి గుమ్మంలోనే ఆగి, "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అండీ?" అని అడిగి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నేను బరంపురంలో ఒక కాలేజీలో జంతుశాస్త్ర విభాగంలో పనిచేశాను. చేరింది డెమాన్‌స్ట్రేటరుగా. మా విభాగంలో ఒక మ్యూజియం గది ఉండేది. ఏళ్ల తరబడి ఎవరెవరో పట్టుకొచ్చిన చేపలు అక్కడ సీసాల్లో తలకిందులుగా వేలాడుతూ ఉండేవి. నీళ్లలోంచి చేపని తేవడం, సీసాలో పెట్టడం, దానికి సరైన పేరు రాయడం: ఇంతే నా పని. ఇందులో మొదటి రెండూ చేతులున్న ఎవడైనా చేస్తాడు. మూడోదానికి నా జీవితమంతా పట్టింది.

మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. కొడుకు చేపలు ముట్టుకుంటాడని మా అమ్మ ఎవరికీ చెప్పలేదు. "మావాడు కాలేజీలో ఉద్యోగం" అనేది, ఇంకేమైనా అడిగితే పనుందని లోపలికి వెళ్లిపోయేది. నేను పెరట్లో నూతి దగ్గర స్నానం చేస్తే తప్ప నన్ను గడప దాటనిచ్చేది కాదు. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎందుకు ఆగిపోయాయో ఇక్కడ రాయను. అవి ఎవరికైనా ఒకేలా వస్తాయి, ఒకేలా ఆగుతాయి. నా చేప కథ మాత్రం ఇంకెవరికీ జరిగి ఉండదు.

ఎగిరేది

నా చేప పేరు ఈసోమస్. అది ఒక్క చేప పేరు కాదు, ఒక ప్రజాతి పేరు. మన దేశం, సింహళం మొదలుకొని బర్మా దాటి అవతలదాకా దానిలో డజను దాకా జాతులున్నాయి. ఏ జాతి అయినా మీ చూపుడు వేలంత ఉంటే గొప్ప. వరిచేల కాలవల్లో, గెడ్డలనే చిన్న వాగుల్లో, రైలు కట్ట పక్క గుంటల్లో ఎక్కడైనా బతికేస్తుంది. నోరు పైకి తిరిగి ఉంటుంది, పక్కల మీద ఒక నల్లటి చార, ముందు రెక్కలు పిట్ట రెక్కల్లా వెడల్పుగా ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం మీసాలు. పై పెదవి మూలల నుంచి రెండు మీసాలు బయలుదేరి పొట్ట దాకా వేలాడతాయి. ఇంత చేపకి అంత మీసం ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు. దేవుడు అన్నిటినీ ఒకే అచ్చులో పోసి, మావాళ్లని ఏడిపించడానికి ఒకదానికి నాలుగు పొలుసులు ఎక్కువ, ఒకదానికి మీసం కొంచెం పొడుగు పెట్టాడు. ఆ తేడాలు లెక్కపెట్టడానికి మాకు జీతం ఇచ్చేవారు.

ఈ చేపకి ఇంకో గుణం ఉంది, అది ఎగురుతుంది. పుస్తకాల్లో చదివి "ఓహో" అనుకున్నాను. ఛత్రపూర్ బస్సులో నేర్చుకున్నాను.

ఛత్రపూర్ మా గంజాం జిల్లాకి కేంద్రం, కోర్టులు అక్కడే. సాయంత్రం బరంపురం వచ్చే బస్సు నిండా వకీళ్లు ఉంటారు. నేను బతికున్న చేపల్ని బకెట్టులో వేసుకుని, పైన తడిగుడ్డ కట్టి, కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఒక గుంత దగ్గర బస్సు ఎగిరింది, గుడ్డ జారింది, చేపలు కూడా ఎగిరాయి. ఒకటి ముందు సీటు ముసలమ్మ తలలో పడింది. ఒకటి ఎవరి కేసు కట్టలోకో దూరింది. కండక్టరు ఒరియావాడు, తెలుగు బాగా వచ్చు. "ఏ బాబూ, ఇది బస్సా, పోఖరీయా?" అని కేకలేశాడు. పోఖరీ అంటే చెరువు. ఇంకోసారి బకెట్టు కనిపిస్తే నన్ను కూడా దింపేస్తానన్నాడు. తర్వాత వారం అదే బస్సులో ఒక వకీలుగారు నన్ను గుర్తుపట్టి, "మీ క్లయింటు ఒకాయన నా కోటు జేబులో దొరికారండీ, మా ఆవిడ బెయిలు ఇవ్వలేదు" అని చెప్పి, రెండు సీట్లు అవతలికి వెళ్లి కూర్చున్నారు.

అందుచేత బతికున్న చేపల్ని తేవడం మానేశాను. నా మొదటి తప్పు అదే. ఆ రోజు మాత్రం తెలివైన పని చేశానని మురిసిపోయాను.

అడ్డాకు పొట్లం

ఛత్రపూర్ బస్టాండు గోడ పక్కన గురువమ్మ అని ఒకావిడ చిన్నచేపలు అమ్మేది. చుట్టుపక్కల పల్లెల్లో కూలి పని చేసుకునే మన తెలుగావిడే. తెల్లవారకముందే కాలవల్లో వెదురుబుట్ట పెట్టి, దొరికినవి విస్తళ్లు కుట్టే అడ్డాకుల్లో కుప్పలు పోసుకుని కూర్చునేది. బకెట్టులోకి బతికున్న చేపలు ఇచ్చింది కూడా ఆవిడే. బస్సు గొడవ తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్లి, ఇకనుంచి చచ్చినవి ఇచ్చినా చాలన్నాను.

"ఏటి బాబూ, ఇన్నాల్లూ బతికున్నవి కావాలన్నారు, ఇప్పుడు సచ్చినవా?" అంది.

"చచ్చినా పరవాలేదు. కానీ పొట్ట కొయ్యకూడదు, పొలుసు రాలకూడదు, రెక్క విరగకూడదు. మంచివి ఏరి, నాకు విడిగా కట్టి ఉంచు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. పలచటి లాల్చీలోంచి జంధ్యం కనిపిస్తోంది. ఆవిడ మొహంలోకి ఒక్కసారిగా జాలి వచ్చింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"అలగే బాబూ. నాను సూసుకుంటాను. మీరేటీ బెంగ ఎట్టుకోకండి" అని గొంతు తగ్గించి చెప్పింది.

తర్వాతి శనివారం నుంచి నా పొట్లం వేరే ఉండేది. రెండు అడ్డాకులు, లోపల చేపలు, పైన తోటకూర కప్పి, అరటినారతో కట్టి కుప్ప వెనకాల దాచేది. ఆ తోటకూర చూసి నేను ముచ్చటపడిపోయాను. చేపలు తడి ఆరకుండా ఎంత చక్కటి పద్ధతి! నా నోటుపుస్తకంలో "స్థానికులు నమూనాలను ఆకుకూరలో భద్రపరుస్తారు" అని రాసుకున్నాను కూడా. చదువుకున్నవాడి తెలివి ఇలా ఉంటుంది. ఎదుటివాళ్లు చేసినదానికి కారణం తనే రాసేసుకుంటాడు, వాళ్లని అడగడు.

"ఇవి ఎక్కడ పట్టావు?" అని మాత్రం ఆ మొదటి పొట్లం అందుకుంటూ అడిగాను.

"కాలవ ఎండిపోనాది బాబూ. ఇవి గెడ్డలోవి" అంది.

కాలేజీకి వచ్చి పొట్లం విప్పి పళ్లెంలో పరిచాను. అదే చార, అవే రెక్కలు, అదే పైకి తిరిగిన నోరు. మీసాలు మాత్రం లేవు. ఇరవై చేపలుంటే ఇరవైకీ లేవు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను.

మహాపాత్రో సార్

మా విభాగాధిపతి మహాపాత్రో సార్. ఆరడుగుల మనిషి, జేబులో ఎప్పుడూ భూతద్దం. పెళ్లి భోజనంలో చేప వడ్డిస్తే ముళ్లు లెక్కపెట్టి గాని తినేవారు కాదు. ఒరియా ఆయనే కానీ బరంపురంలో పుట్టి పెరిగారు, తెలుగు మనకన్నా గట్టిగా మాట్లాడేవారు. నేను చూసిన పై అధికారుల్లో చాలామందికి కుర్చీ మీద ఇష్టం, కొందరికి సంతకం మీద. ఈయనకి ఒక్కదాని మీదే ఇష్టం ఉండేది. ఇప్పటిదాకా ఎవరూ పేరు పెట్టని చేప ఒకటి గంజాం జిల్లాలో దొరకాలి.

ముప్పై ఏళ్లలో కొత్తదేమో అనిపించిన ప్రతి చేపనీ ఆయన కలకత్తాలో నిపుణులకి పంపారు. ప్రతిసారీ ఒకే జవాబు, ఇది దొరల కాలంలోనే పేరు పెట్టిన చేప అని. ఆ ఉత్తరాలన్నీ ఒక ఫైల్లో దాచి, దాని మీద "పాత స్నేహితులు" అని రాసుకున్నారు. ఆ ఏడాది మార్చి నెలాఖరుకి ఆయన రిటైర్మెంటు. నేను మీసం లేని చేపలతో గదిలోకి వెళ్లినప్పుడు ఇంకా రెండు నెలలు కూడా లేదు.

ఆయన ఒక చేపని మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశారు. పెన్సిలు తీసుకుని ఏదో బొమ్మ గీసుకున్నారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, తుడిచిందే మళ్లీ తుడిచారు.

"గెడ్డలోవి అంది కదూ?"

"అవును సార్. కాలవలోవాటికి మీసాలున్నాయి, గెడ్డలోవాటికి లేవు."

"అరె మూర్తీ, అయితే వేరే జాతి. మీసం లేని ఈసోమస్! నువ్వే రాయి పేపరు. చేపకి తన పేరు తనే పెట్టుకోవడం మర్యాద కాదు, ఇంకొకడు పెట్టాలి. బుఝిలా?"

అర్థమైందా అని అడిగారన్నమాట. నాకు బాగా అర్థమైంది. ఆ వారమే "ఈసోమస్ మహాపాత్రై" అని కొత్త చీటీ రాసి సీసాలో వేశాను. ఆయన చూడనట్టే ఉన్నారు. కానీ రోజుకి నాలుగుసార్లు ఏదో పని కల్పించుకుని ఆ అలమర దగ్గరికి వచ్చేవారు. నేను పేపరు రాశాను. టైపిస్టు మూడుసార్లు కొట్టాడు. పంపేముందు ఇంకో రెండు డజన్లు కావాలన్నారు సార్. ఆయన రిటైర్మెంటుకి పది రోజుల ముందు నేను మళ్లీ ఛత్రపూర్ బస్సెక్కాను.

నేను చెప్పని ఒక్క మాట

గురువమ్మ పొట్లం ఇచ్చి, అటూ ఇటూ చూసి, దగ్గరికి వంగింది.

"బాబూ, మరోలాగ అనుకోకండి. పాలు పడ్డాయా?"

"ఏ పాలు?"

"అదే బాబూ, బాలింతకి."

నాకు అప్పటికి పెళ్లే కాలేదు. ఆవిడ మాత్రం నన్ను ఓదార్చడానికి పూర్తిగా సిద్ధపడి ఉంది.

"పంతులుగోరింట్లో సేపలేటని నలుగురూ నవ్వుతారని ఇంత దూరమొచ్చి కొంటన్నారని నాకెరిక నేదేటి? డాట్రుగోరు తినమనుంటారు. పేనం కన్నా ఆసారం ఎక్కువేటి బాబూ? అందుకే ఎవులూ సూడకుండా తోటకూర కప్పి ఇస్తన్నాను."

తోటకూర సంగతి తేలిపోయింది. నా నోటుపుస్తకంలో వాక్యం గుర్తొచ్చి చెవులు కాలాయి. అంతలో ఇంకో ఆలోచన వచ్చింది.

"గురువమ్మా, ఈ చేపలకి మీసాలు..."

"తీసీసినాను గదా! బాలింత గొంతుకలో అడ్డం పడిపోవా? మా కోడలు పురిటికి కూడా అలగే తీసి వొండినాను. ఒక్కోదానికీ గోటితో గిల్లినాను బాబూ. ఆ మీసం సిన్నదేటి, బొడ్డుకాడికి ఉంటాది. ఓ జాముసేపు పట్టిందనుకోండి."

"నేను ఏమీ తియ్యొద్దన్నాను కదా?"

"పొట్ట కొయ్యొద్దన్నారు, పొలుసు తియ్యొద్దన్నారు, రెక్క ఇరగొద్దన్నారు. మీసం ముట్టుకోవద్దని సెప్పినారేటి?"

చెప్పలేదు. ఆవిడ కుప్పలోంచి ఒక చేపని తీసి, బొటనవేలి గోరు, చూపుడు వేలి మధ్య మీసాన్ని పట్టుకుని ఒక్క గిల్లు గిల్లింది. చిటుక్కున వచ్చేసింది. నా కొత్త జాతి నా కళ్ల ముందే అర నిమిషంలో తయారైంది. నేను ఒక్కసారైనా గెడ్డలోకి దిగి ఉంటే, ఒక్క బతికున్న చేపనైనా అక్కడ చూసుంటే ఇదంతా జరిగేది కాదు. మీరు మరిచిపోయినా ఇది ఒక్కటీ మరవకండి. నీళ్లు చూడకుండా చేపకి పేరు పెట్టకండి.

"ఇంతకీ పాలు పడ్డాయా బాబూ?" అని మళ్లీ అడిగింది. ఆవిడ కళ్లు అంత ఆదుర్దాగా ఉంటే నేనేం చెప్పను?

"పడ్డాయి" అన్నాను.

"సల్లగుండాల! మొగబిడ్డా, ఆడకూతురా?"

"ఆడపిల్ల" అన్నాను. నా నోరు దానంతట అదే చెప్పేసింది.

తిరుగు బస్సులో నేను చేసిన ఆలోచనలు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. పేపరు వెళ్లిపోతుంది, అచ్చవుతుంది. సారు తన పేరు చూసుకుని సంతోషంగా ఇంటికి వెళ్తారు. ఏ పదేళ్లకో ఎవడో వచ్చి తప్పంటాడు, అప్పటికి చూసుకోవచ్చు. పది రోజులు నోరు మూసుకుంటే ఒక మంచి మనిషి జీవితం నిండుతుంది. బరంపురం వచ్చేసరికి ఇది దయే అని నన్ను నేను దాదాపు నమ్మించేసుకున్నాను. నమూనా తప్పని తెలిసీ దాచాలని ప్రతివాడికీ ఒకసారి అనిపిస్తుంది. అలా ఎప్పుడూ అనిపించలేదనేవాడి సీసాలు నేనైతే రెండోసారి చూస్తాను.

డ్రాయర్లో కాగితం

మర్నాడు పొద్దున్న సారు మ్యూజియం గదిలోనే ఉన్నారు, ఆ సీసా ముందే. టైపు చేసిన పేపరు కవరులో పెట్టి, తపాలా బిళ్లలు కూడా అంటించి ఉంది. నేను గుమ్మంలో నిలబడి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. తోటకూర, బాలింత, గోరు, లేని నా భార్య, పుట్టని నా కూతురు, అంతా.

తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన లేచి తన గదిలోకి వెళ్లి, డ్రాయరు లాగి, అడుగున బోర్లా పెట్టిన ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. మొదటి రోజు మైక్రోస్కోపు కింద చూస్తూ గీసుకున్న బొమ్మ. చేప తల, పైకి తిరిగిన నోరు. పెదవి మూలల్లో రెండు చిన్న మోడులు, కొసలు చిరిగినట్టు. ఎంత శ్రద్ధగా గీశారంటే, తుంచిన చోట నలిగిన చర్మం కూడా కనిపిస్తోంది.

"సార్, ఇది..."

"నా చెయ్యి ఆ రోజే చూసింది మూర్తీ, చూసింది చూసినట్టు గీసేసింది. నేనే కాగితం తిరగేసి లోపల పెట్టేశాను. ముప్పై ఏళ్లు కుర్రాళ్లకి చెప్పాను, కనిపించిందే రాయండి అని. నీకు అనుభవం లేక తప్పు చేశావు. నేను తెలిసి చేశాను. నువ్వు ఈ రోజు వచ్చి చెప్పకపోతే ఆ కవరు పదకొండు గంటల టపాలో వెళ్లిపోయేది."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన్ని అంతకు ముందు గౌరవించాను, ఆ క్షణం నుంచి ప్రేమించాను. సరిగ్గా అప్పుడే ఆయన నా వంక చూసి, "ఇంతకీ అమ్మాయికి పేరేం పెట్టావు?" అన్నారు. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. కళ్లజోడు జారి కిందపడేదాకా నవ్వారు, నేనూ నవ్వాను. పక్క గదిలో ప్రాక్టికల్సు చేస్తున్న పిల్లలు కప్పల్ని వదిలేసి చూడటానికి వచ్చారు.

"గురువమ్మకి నిజం చెప్పావా?" అన్నారు నవ్వు ఆగాక.

"లేదు సార్."

"చెప్పకు. ఆవిడ చేపల వల్ల ఒక పసిపిల్లకి పాలు పడ్డాయని సంతోషంగా ఉంది. మన ముగ్గురిలో ఒక్కరైనా ఏదో సాధించినట్టు ఉండనీ."

అలాగే చెప్పలేదు. దాని ఫలితం కూడా అనుభవించాను. నాలుగేళ్ల తర్వాత నాకు నిజంగానే పెళ్లయి కొడుకు పుట్టినప్పుడు, ఆనందం పట్టలేక బస్టాండులో ఆవిడకే మొదట చెప్పాను. "రెండో కానుపుకి ఇన్నాల్లు పట్టిందేటి బాబూ! పెద్దదానికి సదువు సెప్పిస్తన్నారా?" అంది. చెప్పిస్తున్నానన్నాను. ఆవిడ ఉన్నంతకాలం ఆ పిల్ల క్లాసు ఏటేటా గుర్తుపెట్టుకుని చెబుతూనే వచ్చాను.

ఆ ఉదయం ఆఖరున జరిగింది చెప్పి ముగిస్తాను. నేను సీసా మూత తీసి, నేను వేసిన చీటీ బయటకి లాగబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. మా పనిలో తప్పు చీటీని పారెయ్యకూడదు. దాన్ని అలాగే ఉంచి, వెనకాల సరైన చీటీ చేర్చాలి. తర్వాత వచ్చేవాడికి మనం ఎక్కడ తప్పామో కూడా కనిపించాలి. "నా పేరైతే మాత్రం రూలు మారుతుందా?" అన్నారు. చీటీ మీద తన పేరుని పెన్సిలుతో ఒకే ఒక గీత పెట్టి కొట్టేశారు. కింద అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఇంకో చీటీ తీసుకుని, నేను చూస్తుండగా, దొరల కాలం నుంచీ ఆ చేపకి ఉన్న పాత పేరే తీరిగ్గా రాశారు.

"ఈసోమస్ డాన్రికస్. ఛత్రపూర్ గెడ్డ. మీసాలు గోటితో తీసినవి, ఒక బాలింత కోసం. సేకరించినవారు: గురువమ్మ."

సీసాలో వేసి, మూత బిగించి, పంచె చెంగుతో అద్దం తుడిచి అలమరలో ముందు వరసలో పెట్టారు. పోస్టుకి సిద్ధంగా ఉన్న కవరు తీసుకుని బిళ్లలు జాగ్రత్తగా ఊడదీసి నాకిచ్చారు. ముప్పై ఏళ్లుగా ఆయన ఎదురుచూసిన పేరు ఆ సీసాలోనే ఉండిపోయింది, ఆయన తన చేత్తో తనే కొట్టేసిన గీతతో. నేను ఆ తర్వాత చాలా పేపర్లు రాశాను, కొన్ని జాతులకి పేర్లు కూడా పెట్టాను. ఆ చీటీ అంత నిజమైనది నేను ఒక్కటీ రాయలేదు.